నిమ్మకాయ సంగతి సరే, ఆ తీగ సంగతేమిటి?

నిరుడు మార్చి నుంచి ఆరు నెలలు అమెరికాలో, ఒహాయోలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో గడిపాను. మంచు కరిగి గడ్డి పచ్చబడేసరికి అక్కడ ప్రతి గ్యారేజీ తలుపూ తెరుచుకుంటుంది. చలికాలమంతా మూలన పడున్న గడ్డి కోసే యంత్రాలు బయటికొస్తాయి. శనివారం ఉదయమైతే వీధి వీధంతా పిండిమర చప్పుడే!

పక్కింట్లో మన తెలుగు కుర్రాడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి మనిషి. ఏప్రిల్‌లో కొత్త లాన్ మోవర్ కొన్నాడు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హ్యాండిల్‌కి ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు కట్టాడు. ముప్పై ఏళ్ళుగా హేతువాద సంఘంలో ఉన్నవాణ్ణి, నేనూరుకుంటానా? కంచె దగ్గర నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. దిష్టి అనేది లేదు, పెట్రోలు ఇంజనుకి అసలే తగలదు, ఇంజనీరింగు చదివిన నువ్వే ఇలా చేస్తే ఎలా అన్నాను.

"అమ్మ ఫోన్‌లో చెప్పిందండీ అంకుల్, ఆవిడ తృప్తి కోసం," అన్నాడు నవ్వుతూనే. ఆ తరువాత రెండు వారాలు నన్ను చూసి తలుపు వేసుకున్నాడు.

సాయంత్రం మా అబ్బాయి అన్న మాట నన్ను కాస్త కుదిపింది. "నాన్నా, ఆ నిమ్మకాయ ఎవరి కాలూ కొయ్యదు. దాని పక్కన కట్టిన తీగ చూశారా?"

చూడలేదు. నిజం చెబుతున్నాను, నా కళ్ళు నిమ్మకాయ దాటి పోలేదు.

ఆ తీగ ఏమిటో చెప్పాలి. నెట్టుకుంటూ నడిచే మోవర్‌కి హ్యాండిల్ దగ్గర ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని హ్యాండిల్‌తో కలిపి నొక్కి పట్టుకున్నంత సేపే బ్లేడు తిరుగుతుంది. వదిలితే 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి. 1982 నుంచి అమెరికాలో ఇది చట్టబద్ధమైన ప్రమాణం. గడ్డి సంచీ ఖాళీ చేసిన ప్రతిసారీ ఇంజను ఆగిపోవడం, మళ్ళీ తాడు లాగాల్సి రావడం మావాడికి చిరాకు. అందుకని ఆ కడ్డీని హ్యాండిల్‌కి ఇనుప తీగతో బిగించేశాడు. ఇక మనిషి వదిలేసినా బ్లేడు ఆగదు.

లెక్క వేసి చూడండి. 53 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 300 కిలోమీటర్లు. తడి గడ్డి ఇరుక్కున్నప్పుడు మనిషి చెయ్యి దానంతటది లోపలికి పోతుంది. అప్పుడు నిమ్మకాయ ఏం చేస్తుంది?

నాకు ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. 1974లో మా పొలంలో ఐదు గుర్రాల ఆయిల్ ఇంజను ఉండేది. ప్రతి దసరాకీ మా నాన్న దానికి పూజ చేసి, బూడిద గుమ్మడికాయ కొట్టేవాడు. పుల్లీల మీద బెల్టు మాత్రం బోసిగా తిరుగుతుండేది, అడ్డు లేదు. ఒకరోజు పొలంలో పనిచేసే ఒకాయన పైపంచె ఆ బెల్టులో చిక్కుకుంది. లాక్కోబోతే కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. అమావాస్య నాడు ఇంజను వేశారని కొందరు, ఎవరి కళ్ళో పడ్డాయని కొందరు అన్నారు. మరుసటి దసరాకి మా నాన్న రెండు గుమ్మడికాయలు కొట్టాడు. వడ్రంగి ఒక్క పూటలో చెయ్యగల చెక్క అడ్డు మాత్రం ఆ ఇంజను అమ్మేసేదాకా రాలేదు.

నేను హేతువాదినయింది ఆ మూడు వేళ్ళ వల్లనే. అలాంటివాణ్ణి, ఒహాయోలో తీగను చూడకుండా నిమ్మకాయతో పోట్లాడాను!

పూజ వల్ల నష్టమేమిటని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే. కొబ్బరికాయ ఎవరినీ గాయపరచదు. కానీ చెయ్యాల్సిందేదో చేసేశామన్న తృప్తి ఇస్తుంది. ఆ తృప్తితో అసలు చెయ్యాల్సింది మిగిలిపోతుంది.

యంత్రానికి కావలసిన సేవ పెద్ద రహస్యమేమీ కాదు. అక్కడి పెట్రోల్లో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది. చలికాలమంతా ట్యాంకులో వదిలేస్తే పాతబడిన పెట్రోలు జిగురై కార్బురేటర్ సన్నరంధ్రాలు మూసుకుపోతాయి. వసంతంలో బండి స్టార్టు కాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే, దిష్టి కాదు. ఏటా ఆయిల్ మార్చాలి, గాలి ఫిల్టర్ శుభ్రం చెయ్యాలి. బ్లేడు ముట్టుకునే ముందు స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీయాలి. మొద్దు బ్లేడు గడ్డిని కొయ్యదు, చింపుతుంది. చిరిగిన కొసలు ఎండి పచ్చిక తెల్లబారుతుంది. సాన పట్టాక బ్లేడుని నడిమి రంధ్రంతో మేకుకి తగిలించి చూడాలి. ఒక పక్కకి వాలితే ఆ పక్క బరువెక్కువ, ఇంకాస్త అరగదీయాలి. ఇంజనుని మూసిన గ్యారేజీలో నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మూఢనమ్మకాలు మనవాళ్ళకే ఉన్నాయనుకునేరు! ఎదురింటి అమెరికన్ పెద్దాయన పచ్చిక మీద బీరు, అమ్మోనియా, గిన్నెలు కడిగే సబ్బు కలిపి చల్లుతాడు. పచ్చబడిందని చూపిస్తాడు. పచ్చబడుతుంది మరి, అమ్మోనియాలో నైట్రోజన్ ఉంది. పని అమ్మోనియాది, పేరు బీరుది! మంత్రాలకు చింతకాయలు రాలవని మనకో సామెత ఉంది. మంత్రం చదువుతూ కొమ్మ ఊపితే రాలతాయి. కొమ్మ ఊపకుండా కూడా చదివించి చూడాలి, అదే పరీక్ష.

అయితే జానపదుల మాటలన్నీ కొట్టిపారెయ్యకూడదు. ఫోర్సీథియా అనే పొద పసుపుపూలు పూసేటప్పుడు క్రాబ్‌గ్రాస్ కలుపు మొలవకుండా మందు వెయ్యమంటారు అక్కడ. ఇందులో కొంత నిజముంది. ఆ పొద పూయడానికీ, మట్టి 13 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి విత్తనం మొలవడానికీ కారణం పెరిగే వేడే. పువ్వు గుర్తు మాత్రమే, మట్టిలో థర్మామీటర్ గుచ్చితే ఇంకా కచ్చితం. మన కార్తెలూ అలాంటివే. అవి సూర్యుణ్ణి బట్టి లెక్కించినవి కాబట్టి ఋతువుతో సరిపోతాయి. మృగశిర కార్తె జూన్ మొదటి వారం చివర రావడంలో మహిమ లేదు, పరిశీలన ఉంది. అదే కార్తె పేరుతో జాతకం చెబితే మాత్రం ఒప్పుకోను.

మిత్రులారా, మనలో మనం ఒక మాట అనుకుందాం. మన సభల్లో నిమ్మకాయల మీద గంటలు గంటలు మాట్లాడతాం. తీగల గురించి ఎన్నిసార్లు మాట్లాడాం? నూర్పిడి యంత్రానికి అడ్డు లేకపోవడం, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకోవడం, ఎర్త్ లేని మోటారు, ఇవీ మూఢనమ్మకాలే. "నాకేం కాదులే" అనే నమ్మకానికి కూడా ఏ రుజువూ లేదు. దానికి నాస్తికుడూ అతీతుడు కాదు. నేను కూడా నలభై ఏళ్ళు హెల్మెట్ లేకుండా స్కూటర్ నడిపినవాణ్ణే.

మూడో వారం నేనే పక్కింటికి వెళ్ళాను. నిమ్మకాయ ఊసెత్తలేదు. మా పొలం ఇంజను కథ చెప్పి, కాగితం మీద బ్లేడు వేగం లెక్క వేసి చూపించాను. అతను లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాడు. లోపలికెళ్ళి కటింగ్ ప్లేయర్ తెచ్చి నా ముందే తీగ కత్తిరించాడు.

నిమ్మకాయ అలాగే ఉంది. జూన్‌లో ఎండిపోయి దానంతటదే రాలింది. మళ్ళీ కట్టాడో లేదో నేను చూడలేదు. తీగ మాత్రం నేను తిరిగి వచ్చేవరకూ ప్రతి శనివారం చూశాను. లేదు.