ముగ్గులో రంగు, తెరమీద రంగు

సంక్రాంతికి చిల్లకూరు వీధుల్లో ముగ్గులు చూసే ఉంటారు. రంగు నింపే అక్కకు గీత ఒకచోట తెగినా ఇబ్బంది లేదు. ఏది లోపలో, ఏది బయటో ఆమె కంటికి తెలుసు. కంప్యూటరుకు తెలియదు!

దాని తెర అంతా చిన్న చిన్న గళ్లు. రంగు నింపే ఒక పద్ధతి ఇది: మనం చూపిన గడికి రంగు వేసి, దాని పైన, కింద, కుడి, ఎడమ గళ్లు చూడాలి. గీత కాని, ఇంకా రంగు పడని ప్రతి గడిలోనూ ఇదే పని మళ్లీ చేయాలి. గీతలో ఒక్క గడి ఖాళీ ఉందా, రంగు బయటపడి తెరంతా పరచుకుంటుంది. మూలలకూ వెళ్లమన్నామా, గళ్లు మూలలు మాత్రమే తాకుతూ సాగే ఏటవాలు గీతను కూడా దాటిపోతుంది.

అందుకే ఆదేశాలు బట్టీ పట్టవద్దంటాను. బట్టీ పడితే మార్కులు రావచ్చు; రంగు ఎందుకు పొంగిందో మాత్రం తెలియదు. 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటరు భాష పుట్టింది. అందులోని తాబేలు చేత బొమ్మ గీయించడానికి, పిల్లలు ముందు తామే ఆ దారిలో నడిచి చూసేవారు.

మీరూ గళ్ల కాగితం తీసుకోండి. మీరే కంప్యూటరై పెన్సిలుతో ఒక్కొక్క గడీ నింపండి. తప్పెక్కడుందో మీ చేతికే తెలుస్తుంది.