కాన్వెంటు చదువు ఎవరి గొప్ప?

మా వీధిలో "సీటొచ్చిందా?" అని అడిగితే ఏ స్కూల్లోనో విడిగా చెప్పక్కర్లేదు. సిస్టర్స్ నడిపే కాన్వెంటే. చక్కటి ఇంగ్లీషు, క్రమశిక్షణ, పదో తరగతిలో అందరూ పాస్. అవన్నీ చూసే మా అమ్మాయిని నేనూ అక్కడ చేర్చాను. ఏడేళ్ళయింది. ఇప్పుడు మనసులో మాట చెప్తాను, తిట్టుకున్నా సరే.

ఎల్కేజీ సీటుకి పాపని రెండు ప్రశ్నలడిగారు, నన్నూ మావారినీ పది అడిగారు. ఏం చదివారు, ఇంట్లో హోంవర్కు ఎవరు చేయిస్తారు? డిగ్రీ చదివి ఇంట్లోనే ఉంటానని చెప్పగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. నేనూ పొంగిపోయాను. ఎందుకు వెలిగిందో తర్వాత తెలిసింది. జీతం లేని టీచరు దొరికింది మరి! రోజూ ఆరు నుంచి తొమ్మిది దాకా లెక్కలూ సైన్సూ నేనే. పేరు మాత్రం స్కూలుకి.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి తన కూతురి కోసం వెళ్తే అప్లికేషను కూడా ఇవ్వలేదు. మనం వండి పంపిన అన్నానికి తిరగమోత పెట్టి, పులిహోర అంతా మాదే అంటే ఎలాగండీ?

ప్రైవేటు స్కూళ్ళు 25 శాతం సీట్లు పేదపిల్లలకివ్వాలనీ, చేర్చుకునేటప్పుడు ఇంటర్వ్యూలు పెట్టకూడదనీ 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. మైనారిటీ స్కూళ్ళకి అది వర్తించదని 2014లో సుప్రీంకోర్టు అంది. సరే, హక్కు హక్కే. చట్టం అడగనంత మాత్రాన ధర్మం అడగదా?

సిస్టర్స్‌ని తక్కువ చెయ్యడం లేదు. ఆడపిల్లకి చదువెందుకన్న రోజుల్లో బడులు పెట్టినవాళ్ళు వాళ్ళు. మా అమ్మ చదువు వాళ్ళ చలవే. అమ్మమ్మకి అక్షరమ్ముక్క రాదు, అయినా అమ్మని గేటు దగ్గర ఆపలేదు. నాణ్యత అంటే అదీ!

ఆ కాలం పోయిందనకండి. కోల్‌కతా సియాల్దాలోని లొరెటో స్కూలుకి 1979లో ప్రిన్సిపాలుగా వచ్చిన సిస్టర్ సిరిల్, మెల్లగా సగం మంది పేదపిల్లలే ఉండేలా స్కూలుని మార్చారు. వీధి పిల్లల్ని లోపలికి తెచ్చి, పెద్ద క్లాసుల ఆడపిల్లల చేత చదువు చెప్పించారు. 2007లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది. స్కూలు పరువు పెరిగిందే గానీ తగ్గలేదు.

అందుకే ఈసారి పేరెంట్స్ మీటింగులో ర్యాంకుల గురించి అడగను. "ఇంట్లో చదువు చెప్పే దిక్కులేని పిల్లలు మన స్కూల్లో ఎంతమంది ఉన్నారు సిస్టర్? వాళ్ళు ఎంతవరకు వచ్చారు?" అని అడుగుతాను. మీరూ మీ పిల్లల స్కూల్లో అడిగి చూడండి. ఆ జవాబే అసలు ప్రోగ్రెస్ కార్డు.