2038: ఈ ప్రమాదానికి ముహూర్తం ఖరారైంది

2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. మన గడియారంలో ఆ సెకను దాటగానే, కాలాన్ని 32 బిట్లలో దాచుకునే వ్యవస్థలు 1901 డిసెంబరులోకి వెళ్లిపడతాయి. ఇది జోస్యం కాదు, కూడిక. యూనిక్స్ పద్ధతిలో 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతారు. ఆ లెక్కను దాచే 32 బిట్ల గడిలో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. ఇంకొకటి కలిపితే లెక్క మైనస్‌లోకి పోతుంది.

128 బిట్ల కంప్యూటర్లు ఎప్పుడొస్తాయని ఉబలాటపడే వారున్నారు. 64 బిట్లతోనే 1,700 కోట్ల జీబీలకు పైగా మెమరీని గుర్తించవచ్చు. మామూలు కంప్యూటర్లకు ఇప్పట్లో అంతకుమించి అక్కర్లేదు. బెంగ పెట్టుకోవాల్సింది రాని 128 గురించి కాదు, పోని 32 గురించి.

గడి చాలకపోతే ఏమవుతుందో 1996 జూన్ 4న చూశాం. ఏరియన్-5 రాకెట్‌లో 64 బిట్ల విలువను 16 బిట్లలో ఇరికించబోయారు. ఎగిరిన నలభై సెకన్లలోపే అది పేలిపోయింది. బోయింగ్ 787 విమానాన్ని 248 రోజులు ఆపకుండా ఉంచితే లోపలి లెక్కింపు గడి నిండిపోయి విద్యుత్ సరఫరా నిలిచిపోవచ్చని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

కొత్త 64 బిట్ల యంత్రం కొన్నాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. లోపలి సాఫ్ట్‌వేర్ తేదీని పాత పద్ధతిలో రాస్తే ప్రాసెసర్ కాపాడలేదు. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం గడులు నేటికీ ఆ క్షణం దగ్గరే ఆగుతాయి. లైనక్స్ 5.6 నుంచి, అంటే 2020 నుంచి, 32 బిట్ల యంత్రాలకూ మందు దొరికింది. కానీ ఫ్యాక్టరీల్లో, సబ్‌స్టేషన్లలో ఏళ్ల తరబడి అప్‌డేట్ ఎరుగని కంట్రోలర్లకు దాన్ని వేసేదెవరు? 2038 దాకా ఆగాల్సిన పనీ లేదు. ఇవాళ ఇచ్చే ఇరవయ్యేళ్ల గృహరుణం చివరి వాయిదా ఆ గీత అవతలే పడుతుంది.

వైటూకే (2000 సంవత్సరపు తేదీ సమస్య) అప్పుడు ఏం కొంప మునిగిందని కొట్టిపారేయకండి. మునగకుండా ముందే లక్షల లైన్ల కోడ్ దిద్దినవారిలో మన తెలుగు ఇంజినీర్లూ ఉన్నారు.

బ్యాంకులు, విద్యుత్ సంస్థలు, ఆసుపత్రులు తమ పరికరాల జాబితా ఇప్పుడే తీయాలి. విడిగా పెట్టిన పరీక్షా యంత్రంలో తేదీని 2038కి జరిపి చూడాలి. 2038 దాటి పనిచేస్తుందని రాసివ్వని పరికరాన్ని టెండర్లోనే తిరస్కరించాలి. ఈ గడువును పొడిగించే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు.