గుంతకల్లులో ఉగ్గాని నాష్తా

బళ్ళారిలో ఖాలా మనవరాలి నికాహ్. గుంటూరు వైపు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున ఏడింటికి గుంతకల్లులో దిగాం. తర్వాతి బండికి రెండున్నర గంటల టైముంది. అమ్మీ, నేను, మా బేగం, తొమ్మిదేళ్ళ కూతురు. అమ్మీ సంచిలో ఎప్పటిలాగే రోటీలు, టమాటా చట్నీ డబ్బా. మన ఇళ్ళల్లో సఫర్ అంటే ముందు ఆ డబ్బా సర్దుతారు, తర్వాతే బట్టలు. "బయటిది తినకండి, ఎవరు చేశారో ఏమో" అనే మాట వినకుండా పెరిగినవాళ్ళు మనలో ఉంటే చెప్పండి, వచ్చి ముబారక్ చెబుతా.

గుంతకల్లు పెద్ద జంక్షన్. చెన్నై, ముంబై, బెంగళూరు, హుబ్లీ, నంద్యాల, ఎటు పోయే బండైనా ఇక్కడ ఆగాల్సిందే. లక్షలమంది ఈ ప్లాట్‌ఫారాల మీద నిద్ర కళ్ళతో బండి మారి వెళ్ళిపోతారు. ఊరు మాత్రం ఎవరూ చూడరు. నేనూ ఇన్నేళ్ళూ అంతే.

స్టేషన్ బయట ఒక తోపుడు బండి దగ్గర జనం మూగి ఉన్నారు. ఉగ్గాని, బజ్జీ. మా గుంటూరులో మరమరాలు అంటే సాయంత్రం ముంత మిక్చర్. ఇక్కడ వాటినే బొరుగులంటారు, పొద్దున నాష్తాకు తింటారు. బొరుగుల్ని నీళ్ళలో ముంచి వెంటనే పిండేస్తారు. నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేసి పోపు పెట్టి, అందులో బొరుగులు కలిపి, పైన పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండుతారు. పని అంతా పది నిమిషాలే, కానీ నీళ్ళు ఒక్క క్షణం ఎక్కువ పట్టినా ముద్దయిపోతుంది. ఆ పెద్దమ్మ చెయ్యి పిండడం చూస్తూ నిలబడిపోయాను. పక్కన మూకుడులో మిరపకాయ బజ్జీలు.

బండికి వేంకటేశ్వరస్వామి పటం ఉంది, ముందు ఊదుకడ్డీ వెలుగుతోంది. అమ్మీ ఆగింది. నా చెవిలో "నైవేద్యం పెట్టిందేమో, అడుగు" అంది. నేను నసుగుతుంటే పెద్దమ్మకు వినపడనే వినపడింది.

"దేవునికి పెట్టింది కాదులే బూబమ్మా. పొద్దున్నే ఊదుకడ్డీ ముట్టించినా, అంతే. శెనిగె నూనె, వేరేదేం కలపలా. ఈ మూకుట్లో నీసు ఎప్పుడూ ఎయ్యలా. తినండి."

అమ్మీ అడగాలనుకున్న మూడు సవాళ్ళకూ ఒక్క ఊపిరిలో జవాబొచ్చేసింది. పెద్దమ్మకు కోపం రాలేదు, అమ్మీకి సిగ్గు వేయలేదు. బెంచీ మీద కూర్చుని, బిస్మిల్లాహ్ అని, బజ్జీ తుంచి ఉగ్గానిలో కలుపుకుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అమ్మీ అడిగింది తప్పు కాదు. ఏం వేశారు, ఏ నూనె, నైవేద్యం పెట్టారా, ఇవి మన దీన్‌కు సంబంధించినవి. అడగాలి, అదబ్‌తో అడగాలి. కానీ మనలో చాలామంది ఈ మధ్య ఇంకో సవాలు అడుగుతున్నారు: ఎవరిది బండి? 2024 జూలైలో ముజఫర్‌నగర్‌లో కావడ్ యాత్ర దారిలో ఉన్న హోటళ్ళు, పళ్ళ బళ్ళ మీద యజమానుల పేర్లు రాయాలని పోలీసులు హుకుం ఇచ్చారు. మనందరి దిల్ దుఃఖంతో నిండిపోయింది. ఆ నెల 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. ఏ రకం తిండి పెడుతున్నారో చెబితే చాలు, పేర్లు పెట్టమని బలవంతం చేయకూడదంది. మనం షుక్ర్ అదా చేశాం. అదే వారం మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో "మనవాళ్ళ దగ్గరే కొనండి" అని మెసేజ్ వస్తే మాషాల్లాహ్ అంటూ ఎంతమంది బొటనవేళ్ళు లేపారో లెక్కపెట్టాను. అందులో నాదీ ఒకటి.

ఇంకా చెప్పాలి. రెండేళ్ళ క్రితం కారులో ఒంగోలు దాటి వెళ్తుంటే అమ్మీ టీ అడిగింది. దారి పక్కన హోటల్ వచ్చింది. బోర్డు మీద పేరు చూసి, "ముందు మనవాళ్ళది వస్తుందిలే" అని ఆపలేదు. నలభై నిమిషాలు ఏదీ రాలేదు. అమ్మీకి షుగర్ ఉంది. పొద్దున మందు వేసుకుని సరిగా తినలేదు. చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడింది. చివరికి ఒక బడ్డీకొట్టు దగ్గర చక్కెర అడిగి నోట్లో వేశాం. ఆ కొట్టు ఎవరిదో నేను చూడలేదు. టీకి, చక్కెరకు, మిరపకాయ బజ్జీకి జబీహా ఏమిటి? ఆ రోజు నేను కాపాడింది హలాల్‌ను కాదు, నా జిద్దును. ఆ సంగతి అమ్మీ ఎప్పుడూ ఎత్తదు. నాకు అదే ఎక్కువ తక్లీఫ్.

కడుపు సంగతి వేరు. వేడిగా మన కళ్ళముందు దించింది తినండి. చల్లారిన చట్నీ, మూత లేని నీళ్ళు వదిలేయండి. ఆ భయం న్యాయమైనదే. కానీ ప్లాట్‌ఫారం మీద ఎక్కడైనా ఒకేలా ఉండే బిస్కెట్ ప్యాకెట్ పిల్లల చేతిలో పెట్టి, గుంతకల్లు దాటిపోతే, వాళ్ళకు ఆ ఊరి గురించి ఏం గుర్తుంటుంది?

ఉగ్గాని కారం సంగతి చెప్పడం మరిచాను. గుంటూరోళ్ళం కదా అని గొప్పగా రెండో బజ్జీ అడిగి, సగంలో నీళ్ళ సీసా అందుకున్నాను. పెద్దమ్మ నవ్వింది. మా బేగం ఇంకా నవ్వుతూనే ఉంది.

లేచేటప్పుడు మా అమ్మాయి, "మీ పేరేంటి నానమ్మా?" అని అడిగింది. ఒక్కసారి నా గుండె గతుక్కుమంది. పెద్దమ్మ చెప్పింది. "నీ పేరేందమ్మా?" అని తనూ అడిగింది. ఇద్దరూ పేర్లు చెప్పుకున్నారు. అమ్మీ రెండు పొట్లాలు కట్టించుకుంది, ఖాలాకు రుచి చూపిస్తానని. బళ్ళారి చేరేలోపే అవి ఖాళీ. రోటీల డబ్బా మాత్రం నిండుగా పెళ్ళివారింటికి చేరింది.