ర్యాపరు గొంతు కావాలి, మాట వద్దు

మన పత్రికలకు ఒక జబ్బు వుంది. అమెరికాలో ఎవరికైనా పేరు వచ్చిందంటే చాలు, ఆ మనిషి తాతముత్తాతల వూరు వెతుకుతారు. తెలుగు నెత్తురు దొరికితే "మన అమ్మాయి" అని శీర్షిక పెట్టి సంతోషిస్తారు. ఆ అమ్మాయి ఏం చేసిందన్న ప్రశ్న వారికి అనవసరం. రాజకుమారి అనే ర్యాప్ కళాకారిణి గురించి మనవాళ్ళ సంబరం చూసి నేనీ మాట అంటున్నాను.

ఆమె అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. 1986లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు దంపతులకు పుట్టింది. పసితనంలోనే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చింది. చాలాకాలం ఇతరులకు పాటలు రాసింది. 2014లో ఫాల్ అవుట్ బాయ్ బృందం పాడిన ‘సెంచరీస్’ రచయితల్లో ఆమె ఒకతె. 2017లో బొంబాయి ర్యాపరు డివైన్‌తో కలిసి ‘సిటీ స్లమ్స్’ చేసింది. 2019లో ‘గల్లీ బాయ్’ హిందీ చిత్రంలో కాసేపు కనిపించింది. ఆ యేడే ఎం.టి.వి. వారి ‘హసిల్’ పోటీలో న్యాయనిర్ణేతగా కూర్చుంది. తర్వాత గాడ్‌మదర్ రికార్డ్స్ అని సొంత సంస్థ పెట్టుకుంది.

ఇందులో మనం నిజంగా పట్టించుకోవలసినవి రెండు సంగతులు. నాట్యాచార్యుడు తాళం వేస్తూ జతి చెబుతాడే, అక్కడ అక్షరానికి అర్థం వుండదు, బరువు మాత్రమే వుంటుంది. ఏ అక్షరం దెబ్బ మీద పడాలి, ఏది దెబ్బ తప్పించి రెండు దెబ్బల మధ్య జారాలి అన్నదే ఆ విద్య. ర్యాపరు చేసేదీ ఇదే. కాకపోతే అతని అక్షరాలకు అర్థం కూడా వుంటుంది. కూచిపూడి గజ్జె కట్టిన పిల్లకు ఈ బంధుత్వం కాలికి తెలిసింది. జతిని నగలా తగిలించుకోలేదు, దాంతో మాట్లాడింది. ఇక రెండో సంగతి: తన మాట అచ్చయిన రికార్డుకు తానే యజమాని కావాలనుకున్నది. తెలుగు పత్రికలకు ఈ రెండూ కనపడలేదు, ఇంటిపేరు కనపడింది.

"ర్యాపు మన సంస్కృతి కాదు, వీధి గోల" అనే పెద్దలున్నారు. వీధి గోలే. 1973 ఆగస్టులో న్యూయార్కు బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ రెండు రికార్డు యంత్రాలు పెట్టి తాళం తెగకుండా నడిపిన విందు నుంచి ఈ కళ పుట్టుకను లెక్కిస్తారు. ఆ పేటలో నల్లవాళ్ళు తమ బతుకు తామే చెప్పుకున్నారు. మరి మన బుర్రకథలో ఒక వంత హాస్యం చెబితే, రెండో వంత రాజకీయం చెప్పటానికే నిలబడతాడు గదా! పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ బెంగాల్ కరువును కథగా చెప్పినప్పుడు కూడా ‘ఇదా కళ?’ అన్నవాళ్ళు వుండే వుంటారు. ఆ పెద్దమనుషుల సంతతి ఇంకా క్షేమంగానే వున్నది.

అసలు తగాదా వారితో కాదు. "తెలుగు సినిమాలో ర్యాపుకు చోటిచ్చాం గదా" అనేవారితో. ఏం చోటు? చరణానికీ చరణానికీ నడుమ ఎనిమిది వరసలు. అందులో సగం ఇంగ్లీషు. మొత్తం కథానాయకుడి పొగడ్త. ర్యాపుకు నడుము ‘నేను’ అన్న మాట. నేనెవరిని, ఏ పేటవాణ్ణి, నన్నెవరు తొక్కారు, అయినా ఎలా నిలబడ్డాను—గొప్పలు చెప్పుకోవటంలో కూడా పౌరుషం వున్నది, ఎందుకంటే చెప్పుకునేవాడు లేనివాడు. ఆ ‘నేను’ తీసేసి ‘ఆయన’ పెడితే మిగిలేది వందిమాగధ స్తోత్రం. రాజకుమారికీ ఇది తప్పలేదు. 2023లో ‘జవాన్’ చిత్రానికి ఆమె చెప్పిన ర్యాపు పేరే ‘కింగ్ ఖాన్ ర్యాప్’. సొంత సంస్థ వున్న మనిషి చేతనే రాజుగారి బిరుదులు చదివించింది తెర!

మన కుర్రవాళ్ళ సంగతి చెప్పేదేముంది? నోయెల్ షాన్ హైదరాబాదులో తెలుగు ర్యాపు చెప్పినవారిలో ముందువాడు. తెర అతన్ని నటుడిగా తీసుకుంది. ‘ఈగ’ (2012), ‘కుమారి 21ఎఫ్’ (2015) చిత్రాల్లో నాయకుడి నేస్తుడు. రోల్ రైడాను 2018లో, నోయెల్‌ను 2020లో ‘బిగ్ బాస్’ ఇంట్లో పెట్టి జనానికి చూపించారు. మాట కట్టే మనిషి అలిగితే ఎలా వుంటాడో, వంట చేస్తే ఎలా వుంటాడో చూశాం. మాట కడితే ఎలా వుంటాడన్నది వెనకబడింది. నటించటం తప్పని నేననను, వాళ్ళూ బతకాలి.

చెయ్యలేక కాదు సుమా. 1979లో ‘మా భూమి’లో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ స్వయంగా తెర మీద నిలబడి పాడాడు. ఎవరి పెదవులకూ తన గొంతు అరువివ్వలేదు.

ఇప్పుడు మా పెద్దదోర్నాల సంగతి చెబుతాను. శ్రీశైలం బస్సులు ఆగేచోట ఆటో నడిపే ఒక కుర్రాడు వెలిగొండ మీద ర్యాపు కట్టాడు. 1996లో శంకుస్థాపన జరిగి, 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసిన ప్రాజెక్టు. ఆ రెండు తేదీల మధ్య తన తండ్రి ఎన్ని బోర్లు వేసి ఎండగొట్టుకున్నాడో వరసగా చెబుతాడు. మార్కాపురం పలక మీద లెక్క వేస్తున్నట్టు, దెబ్బకొక సంవత్సరం. యతి ప్రాస లేదని నాకు తోడు విన్న ఒక మేస్టారు సణిగారు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది.

ఎవరో రికార్డువారు కబురు పెట్టారట. కాగితంలో వున్నది: హక్కులన్నీ సంస్థవి. చట్టం ఏమంటున్నది? 1957 కాపీరైటు చట్టం లెక్కన ధ్వనిముద్రణకు కర్త దాని నిర్మాత, గొంతిచ్చినవాడు కాదు. 2012 సవరణ వచ్చాక, మాట రాసినవాడు రాయల్టీలో తన సమాన వాటాను సంస్థకు వదులుకోవటానికి వీల్లేదు. ఈ సవరణ సంగతి కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. "అయితే సారూ, వెలిగొండ తీసేసి ప్రేమ మీద రాయమంటున్నారు, దానికేం చట్టముంది?" అన్నాడు.

దానికి చట్టం లేదు. అతను సంతకం పెట్టలేదు. సొంత రికార్డు సంస్థ పెట్టటానికి అతని దగ్గరున్నది ఆటో ఒకటి, అదీ కిస్తీల మీద. ప్రస్తుతం ఆ ర్యాపు దోర్నాల నుంచి మార్కాపురం దాకా ఫోన్లలో తిరుగుతున్నది. కట్టినవాడి పేరు మాత్రం చాలామందికి తెలియదు.