ప్రాచీన వస్తు సంగ్రహము – మన కర్తవ్యము

జహీరాబాదునుండి హైదరాబాదునకు పోయినవారిలో సాలారుజంగు మ్యూజియమును చూడకుండ మరలివచ్చువారు అరుదు. అచ్చట గంట గంటకును బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టు గడియారము ముందర జనులు గుమిగూడి నిలుతురు. ముసుగు వేసికొనిన రెబెక్కా ప్రతిమను చూచి, పాలరాతిలో సన్నని వస్త్రమును ఎట్లు మలచిరా యని ముక్కున వ్రేలు వేసికొందురు. ఒకే కొయ్యమొద్దున ఒక ప్రక్క మెఫిస్టోఫెలీసును, వెనుక ప్రక్క మార్గరెట్టాను చెక్కిన విగ్రహమును, దాని వెనుకనున్న అద్దములో తొంగిచూచి సంతసింతురు. ఇవన్నియు ఐరోపా ఖండపు పనితనములు. ఇంటికి వచ్చిన పిమ్మట మనలో కలవారు కొందరు తామును అట్టి పాత గడియారములను, చిత్రపటములను, పింగాణి పాత్రలను సంపాదింపవలెనని ఉబలాటపడుదురు. ఈ అభిలాష తగునా, తగదా యనునది విచారింపదగిన విషయము.

ముందుగా ఆ మ్యూజియము ఎట్లు ఏర్పడినదో తెలిసికొందము. 1853 మొదలు 1883 వరకు హైదరాబాదు దివానుగా నుండిన మొదటి సాలారుజంగు, మీర్ తురాబ్ అలీ ఖాన్, 1876లో ఐరోపా యాత్రకు పోయి, బెంజోని యను ఇటలీ శిల్పి మలచిన రెబెక్కాను రోము నగరమున కొనెను. ఆయన మనుమడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912లో దివాను పదవికి వచ్చి, 1914లో దానిని విడిచి, తక్కిన జీవితమంతయు వస్తు సంగ్రహమునకే ధారపోసెను. ఐరోపా చిత్తరువులు, చీనా పింగాణి, పారసీక దేశపు తివాచీలు, వ్రాతప్రతులు ఆయన దివాను దేవిడీని నింపివేసెను. ఆయన అవివాహితుడై 1949 మార్చి 2వ తేదీన మరణించెను. 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్లాల్ నెహ్రూ ఆ దేవిడీలోనే మ్యూజియమును ప్రారంభించెను. 1961లో పార్లమెంటు శాసనముచే అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యయ్యెను. 1968లో మూసీ దక్షిణపు టొడ్డున నేడున్న భవనమునకు మారెను.

ఆయన అభిరుచిని మెచ్చకుండుట న్యాయము గాదు. అయినను ప్రజాపక్షమున రెండు ప్రశ్నలు అడుగక తప్పదు. ఎవరి ధనముతో కొనిరి? ఎవరికొరకు కొనిరి? మొదటి ప్రశ్నకు సమాధానము సాలారుజంగు జాగీరు గ్రామముల శిస్తులో నున్నది. జాగీరుదారుడు మ్యూజియమున నేమి కూర్చెనో లోకమెరుగును. శిస్తు కట్టిన రైతు పేరు ఏ పలకపైనను లేదు. రెండవ ప్రశ్నకు కాలమే సమాధానము చెప్పినది. ఆయన మరణించిన 1949వ సంవత్సరముననే, ఆగస్టు 15న, జాగీరుల రద్దు శాసనము వచ్చెను. రెండేండ్లకు దేవిడీ తలుపులు ప్రజలకు తెరువబడెను. శిస్తు కట్టిన రైతు మనుమడు నేడు టిక్కెట్టు కొని రెబెక్కా ముందర నిలిచియున్నాడు. తాత చెల్లించిన ఋణములో కొంతయైన ఈ విధముగా తీరినదని మేము తలచుచున్నాము. సంగ్రహము సార్థకమగుట కొన్ననాడు గాదు, ప్రజల పాలైననాడే.

ఇంకొక సంగతి. ఆ రెబెక్కా లోకమున ఒక్కతెయే యని మనవారు తలచుచుందురు. అది నిజము గాదు. బెంజోని శిల్పశాలనుండి అట్టి ప్రతులు పెక్కు వెలువడెను. అమెరికా మ్యూజియములలో కొన్ని నేటికిని గలవు. ఆ శిల్పపు అందమునకు ఇందువలన లోపము లేదు. కాని దూరపు దేశమునుండి వచ్చినదానినెల్ల అపూర్వమనియు, ఇంటి ప్రక్కనున్నదానినెల్ల సామాన్యమనియు తలచు బుద్ధి మనకు ఎట్లు పట్టుబడినదో దీనివలన తెలియుచున్నది.

ఆ ఇంటి ప్రక్క వస్తువేదని అడుగుదురేని, బీదరు వైపు చూడుడు. మన పట్టణమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననే యున్నది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు జహీరాబాదు బీదరు జిల్లాలోనిదే. ఆ బీదరు పేరు పెట్టుకొనిన బిద్రీ పని వంటిది అన్యత్ర కానరాదు. తుత్తునాగము, అనగా జింకు, హెచ్చుగాను, రాగి కొలదిగాను కలిపి పాత్రను పోతపోయుదురు. దానిపై లతలను, పూవులను చెక్కి, ఆ గాళ్లలో వెండితీగెను, వెండిరేకును పొదుగుదురు. తుదకు బీదరు కోటలోని పాతమట్టిని నవాసారముతో కలిపిన ద్రవమును పట్టించి రుద్దుదురు. లోహము కారునలుపు తిరుగును, వెండి మాత్రము వెన్నెల వలె నిలుచును. 1851లో లండను నగరపు మహాప్రదర్శనమున ఈ పనిని చూచి ఇంగ్లీషువారు మెచ్చుకొనిరి; వారి మ్యూజియములు వీనిని కొని భద్రపరచినవి. సాలారుజంగును బిద్రీని విడువలేదు. ఆయన మ్యూజియమున దానికి ప్రత్యేకమైన గది గలదు. ఇక మనమో? తాతలనాటి బిద్రీ హుక్కాకుండను, తాంబూలపు పెట్టెను మసిబారిన పాత ఇనుమని తూకమునకు వేసి, ఆ పైకముతో చిల్లర అలంకారములు తెచ్చుకొనుచున్నాము. ఇంతకన్న శోచనీయమైన బేరమేమున్నది?

వస్తువులు చేజారిన పిమ్మట విచారించి ప్రయోజనము లేదు. అమరావతి శిల్పముల చరిత్రమే ఇందుకు సాక్ష్యము. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించిన పలకలు మొదట మద్రాసునకును, పిదప 1859లో లండనునకును పోయెను. మనము రెబెక్కాకు వెలయిచ్చి కొంటిమి. అమరావతి రాళ్లకు వెల ఎంతయని మనలనెవ్వరును అడుగలేదు. అది పరపరిపాలన కాలమున జరిగినదని సమాధానపడుదమన్నను, స్వరాజ్యమున మాత్రమేమి? ప్రకాశము జిల్లా చందవరమునుండి 2001లో దొంగిలింపబడిన బౌద్ధ శిల్పమును ఆస్ట్రేలియా జాతీయ కళాశాల 2005లో 595,000 డాలర్లకు కొనెను. నిజము తేలిన పిమ్మట 2016లో దానిని మన దేశమునకు తిరిగి యిచ్చెను. మనము రాతిపలకగా చూచిన దానికి పరులు లక్షల డాలర్లు పోసిరి. తన సొత్తు విలువ తాను ఎరుగని ఇంట దొంగకు శ్రమ యేల?

ఈ విషయమున అమెరికనులనుండి మనము నేర్వదగిన పాఠము ఒకటి గలదు. వారును ఒకప్పుడు ఐరోపా కుర్చీలకును బల్లలకును ఆశపడి, తమ పూర్వులు చేసిన సామానును అటకలపైకి త్రోసినవారే. 1924లో న్యూయార్కు మెట్రోపాలిటను మ్యూజియము అమెరికా పూర్వకాలపు గృహోపకరణములకు ప్రత్యేక భాగమును తెరచెను. మందుగుండు వ్యాపారమున గడించిన డూపాంటు వంశీయుడు హెన్రీ ఫ్రాన్సిసు, ఐరోపా వస్తువుల మోజునుండి 1923 ప్రాంతమున తన దేశపు వడ్రంగుల పనితనము వైపు మరలి, వింటర్తూరు నందలి తన ఇంటినే వానితో నింపి, 1951లో ప్రజలకు తెరచెను. మన దేవిడీ తెరువబడినదియు ఆ యేడే. ధనవంతుని వేడుక దేశసేవగా మారవచ్చునని ఈ రెండును చాటుచున్నవి.

“మా సొత్తు మేము అమ్ముకొనిన తప్పేమి?” యని కొందరు అడుగవచ్చును. తప్పని మేము అనుట లేదు. పంట పోయిన సంవత్సరమున పెట్టెలోని వస్తువును అమ్ముకొనువానిని నిందించుటకు మాకు నోరు రాదు. కాని 1972 నాటి పురావస్తు, కళానిధుల శాసనమును ప్రతి గృహస్థుడును తెలిసికొనవలెను. నూరేండ్లు దాటిన కళావస్తువు పురావస్తువగును. చారిత్రక, సాహిత్యాది విలువ గల వ్రాతప్రతులకు 75 ఏండ్లు చాలును. వీనిని దేశము దాటించు అధికారము ప్రైవేటు వ్యక్తులకు లేదు. వీని వ్యాపారము చేయువాడు లైసెన్సు పొందియుండవలెను. కావున గడపకు వచ్చిన బేరగానిని మొదట లైసెన్సు చూపుమని అడుగుడు. ఎక్కడికి కొనిపోవుదువని ప్రశ్నింపుడు.

మేము కోరునది పెద్ద కార్యము గాదు. జహీరాబాదునకు రాజభవనము వంటి మ్యూజియము అక్కరలేదు. ఒక గది, నాలుగు గాజు బీరువాలు, ఒక పట్టిక పుస్తకము చాలును. కోహీరు, న్యాల్కల్, ఝరాసంగము గ్రామములలోని భూస్వాములు తమ ఇండ్లలోని పాత పాత్రలను, ఆయుధములను, దస్తావేజులను, తాళపత్రములను ఫోటో తీయించి, ఏ తరముది, ఎవరు చేసినది, ఎట్లు వచ్చినది యని వ్రాయింపవలెను. చేసినవాని పేరు తెలిసినచో దానిని మొదట వ్రాయుడు, యజమాని పేరు తరువాత. ఇయ్యగలవారు ఇయ్యవచ్చును; ఇయ్యలేనివారు తమ ఇంటనే ఉంచుకొని జాబితా మాత్రమే ఇచ్చినను మేలే. పాఠశాలల ఉపాధ్యాయులు ఈ పనికి పూనుకొందురేని విద్యార్థులకు ఇంతకన్న మంచి చరిత్ర పాఠము వేరొకటి ఉండదు.

ఐరోపా గడియారము కొనదలచినవారు కొనుడు. అందమునకు దేశభేదము లేదు. కాని అది గోడపై గంట కొట్టుటకు ముందే అటకపైనున్న బిద్రీ పాత్రను దింపి తుడిచి, దాని కథను మీ మనుమలకు చెప్పుడు. ఆ కథ తెలిసిన పెద్దలు ఏటేట తగ్గిపోవుచున్నారు. పాత్ర పోయినచో ఎచ్చటనో ఒక అద్దాల బీరువాలో దొరకవచ్చును. కథ పోయినచో ఎంత ధనము పోసినను మరల దొరకదు.