మఠమున వైద్యవిద్య

బ్యాంకాకు నగరమందలి వాట్ ఫో విహారపు పూర్తి పేరున జేతవన శబ్దము నేటికిని నిలిచియున్నది. 1830 దశకమున మూడవ రామరాజు దానిని పునరుద్ధరించి, అంగమర్దన విధానమును, ఔషధయోగములను శిలాఫలకములపై చెక్కించెను. వచ్చిన ప్రతివాడును చదువుకొనవచ్చును! 1955లో అచట వైద్యపాఠశాల వెలసినది. శిష్యులు నేర్చు నాడులు పది. వానిలో మొదటివి ఇథా, పింగ్‌ఖలా, సుమనా. ఇడాపింగళాసుషుమ్నలను పోల్చుకొనుటకు వ్యాకరణము అక్కరలేదు. అచటివారికి వైద్యమున ఆదిగురువు బుద్ధుని వైద్యుడైన జీవకుడు.

ఆంధ్రదేశమునకు ఇది క్రొత్త కాదు. నాగార్జునకొండ శాసనమొకటి జ్వరాలయమును పేర్కొనుచున్నది. రుద్రమదేవి కాలపు మల్కాపుర శాసనమును (1261) బట్టి విశ్వేశ్వర శివాచార్యుని మఠమున వేదశాస్త్రాధ్యాపకులతోబాటు వైద్యుడును ఉండెను. ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉండెను. చదువును చికిత్సయు ఒకే ప్రాకారమున సాగినవి.

నేడో? అష్టాంగహృదయము వల్లించు విద్యార్థికి అభ్యంగమనగా వ్యుత్పత్తి చెప్పదగిన ఒక పదము, అంతే. అయిజలోనో అలంపురములోనో పసిబిడ్డను కాళ్లపై పరుండబెట్టుకొని నూనె రాచి కీళ్లు సాగదీయు ముసలమ్మకు శ్లోకము రాదు, చేయి ఎరుగును. పండితులు ఆమెను అడిగిన పాపమున పోలేదు. ప్రాచ్యకళాశాలలు ఆయుర్వేదపాఠము జరుగునపుడు అట్టి వృద్ధను పిలిపించి, గౌరవముతో పీట వేసి, విద్యార్థుల చేతులకు నూనె అంటించవలెను. శాస్త్రగౌరవమునకు లోపమను శంక వలదు. ఓషధుల నామరూపములను మేకల కాపరులు, గోపాలురు, వనవాసులు ఎరుగుదురని చరకసంహితయే చెప్పుచున్నది.